ముప్పై ఏడు

లాన్‌యూ దీవి రన్‌వే మీద దిగబోయే ప్రతిసారీ
తెర మీద సముద్రం గడ్డకడుతుంది.
అల సగం లేచి ఆగిపోతుంది.
రెక్క ఒకచోట, దాని నీడ ఇంకోచోట.
పెంగ్ ఫెంగ్‌మెయ్ ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది;
కదలిక తిరిగొచ్చేసరికి
విమానం నీళ్ళలో ఉంటుంది.

అరవై మూడేళ్ళు. అసలు విమానం ఎక్కింది రెండుసార్లే.
రాత్రి తొమ్మిది దాటాక మాత్రం ఆమె పైలట్.

ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలనుకుంది మొదట.
కొత్త ప్రాసెసర్ పాత సాకెట్‌లో కూర్చోదు.
సాకెట్ మారాలంటే బోర్డు మారాలి,
బోర్డు మారితే పాత ర్యామ్ గాడిలో పట్టదు.
గుండీ తెగిందని వెళితే
చొక్కా మొత్తం కుట్టించుకోమన్నట్టుంది వ్యవహారం.
పింఛను డబ్బు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి
చుంగ్‌లీలో తొమ్మిదీ పది రైలెక్కింది.

తైపేలో వాన. గ్వాంగ్‌హ్వా బజారు మూడో అంతస్తు.
గొడుగుల నుంచి కారిన నీళ్ళకి మెట్లు జారుతున్నాయి.
కౌంటర్ వెనక కుర్రాడు, పేరు జ్వో,
"మనవడికా, పిన్నీ?" అన్నాడు.
జవాబు కోసం ఆగకుండానే
ఏడు రంగుల్లో వెలిగే బోర్డొకటి ముందు పెట్టాడు,
పక్కన పదహారు కోర్ల ప్రాసెసర్.

ఆమె దీపాల వంక చూడలేదు.
సంచిలోంచి భూతద్దం తీసింది.
బోర్డును వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది,
బియ్యంలో రాళ్ళేరే చూపుతో.
కరెంటు వచ్చే దారిలో కాయిల్స్ లెక్కపెట్టింది,
కెపాసిటర్ల అడుగులు చూసింది,
హీట్‌సింక్‌ని గోటితో తట్టి వింది.
"ఈ సింగారమంతా పైపైనే బాబూ.
పదహారుగురికి వండే పొయ్యి కాదిది.
రెండు గంటలు ఎగిరితే దీని గొంతెండిపోతుంది."

జ్వో నవ్వబోయి ఆగాడు.

ఇరవై రెండేళ్ళు, తావ్‌యువాన్ ఫ్యాక్టరీలో,
రోజుకి నాలుగు వందల బోర్డులు ఆమె కళ్ళ కింద నడిచాయి.
టంకం చుక్క నిండుగా ఉందా, నీరుగారిందా,
ఏ పిన్ను కాలైనా గాల్లో తేలుతోందా
అన్నీ చూశాక, మంచిదైతే, మూలన చిన్న ముద్ర: 37.
అక్కడ ఆమె పేరు అదే.
అన్నిటిని దాటించింది గానీ
ఒక్కటీ తనకోసం కొనలేదు.
ఇంట్లోది మేనల్లుడు వాడి వదిలేసింది.

చివరికి దీపాల్లేని బోర్డు, ఆరు కోర్లు.
మిగిలిన డబ్బుకి మంచి ర్యామ్.
"ఎనిమిది కోర్లు తీసుకోండి, ఐదేళ్ళు నిశ్చింత."
"ఐదేళ్ళ సంగతి నా కళ్ళని అడగాలి" అంది.

ఇంట్లో బల్ల మీద పాత బోర్డు విప్పింది.
దుమ్ము ఊదితే మూలన ముద్ర కనిపించింది: 14.
పద్నాలుగు ఎవరో. ఏ ఫ్యాక్టరీయో, ఏ షిఫ్టో.
తొమ్మిదేళ్ళు వేడికి కాగినా
ఎక్కడా టంకం విడవలేదు.
"బాగా చూశావే" అంది పైకే,
గదిలో ఎవరూ లేకపోయినా.

కొత్తదాన్ని నాలుగు మూలలా తిప్పింది.
ముద్ర లేదు.
ఇప్పుడు కెమెరాలు చూస్తాయట, రెప్ప వేయకుండా.
ఆ కెమెరాలొచ్చిన ఏడే ఆమె ఇంటికొచ్చేసింది.

సాకెట్ మీట ఎత్తింది.
చిన్న త్రికోణానికి త్రికోణం కలిపి
ప్రాసెసర్‌ని వదిలింది.
నొక్కలేదు. నొక్కకూడదు.
దాని బరువే దానికి చోటు చూపిస్తుంది.

స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగా.
కొత్త ర్యామ్ మొదటిసారి తడుముకుంటుందని తెలుసు,
తెలిసినా టీ చల్లారిపోయింది.
ఊరికే కూర్చోలేక భూతద్దం అందుకుంది.
తెరిచిన పెట్టెలోకి వంగి
మొదటి కాయిల్ నుంచి చివరి స్క్రూ దాకా
ఒక్కొక్కటీ, పాత వరసలోనే.
ఏ కాలూ తేలడం లేదు.
స్క్రూ రంధ్రం పక్కన కాస్త ఖాళీ జాగా ఉంది.
సన్న మొన పెన్నుతో, చెయ్యి వణక్కుండా
అక్కడ రాసింది: 37.

వెనక తెర ఎప్పుడు వెలిగిందో
ఆమె చూడలేదు.