మునికాళ్లు

నంబరు ప్లేట్లు కోయగా మిగిలిన
తెల్ల షీటు ముక్కలు, ఒక మిల్లీమీటరు మందం,
అవే దీని ఎముకలు.
బొబ్బిలి స్టేషను రోడ్డులో నా కొట్టు.
షట్టరు సగం దించాక
విమానం మొదలవుతుంది.

దీని కొలతలు ఏ పుస్తకంలోనూ లేవు.
యుద్ధం రోజుల్లో విరిగిన రెండింటిని కలిపి
ఒకటిగా నిలబెట్టారట:
ముక్కు ఒకదానిది, తోక మరొకదానిది.
ఉన్నదల్లా ఒక ఫోటో, అగ్గిపెట్టెకి రెండింతలు.
అందులో ప్రొపెల్లరు పక్కన ఒక దొర,
దొర పక్కన మా తాత గవరయ్య,
చీలమండలు మునిగేంత గడ్డి.

కూలీల కాగితంలో తాత ఎత్తు రాసి ఉంది:
అయిదడుగుల నాలుగంగుళాలు.
అదొక్కటే నా స్కేలు.
భూతద్దం కింద తాతని కొలిచి
తాతతో రెక్కని కొలిచాను.
ఎందరు తాతలైతే ఒక రెక్క,
తాతలో ఎంత భాగమైతే ఒక చక్రం.
అన్నీ ఎనిమిదో వంతుకి దించితే
తాత ఎనిమిదంగుళాలు,
రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి యాభైనాలుగు.

షీటుని కోయకూడదు.
కత్తితో రెండుసార్లు గీసి, వంచితే
టిక్కున తనే విడిపోతుంది,
లేత బెండకాయ కొన విరిచినట్టు.
జిగురు నీళ్లలా ఉంటుంది. కుంచె తాకిస్తే సందులోకి పాకి
రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది.
ఆ తర్వాత విడదీయడం అంటూ ఉండదు,
విరగ్గొట్టడమే.

రోహిణి కార్తెలో పిట్టగోడ మీద ఆరబెట్టిన తోక
అప్పడంలా లేచింది. ఇంకోటి చేశాను.
రివెట్ల కోసం సింహాద్రి టైలరుని పళ్లచక్రం అడిగితే
"ఏ గుడ్డకి?" అన్నాడు.
గుడ్డకి కాదు, రెక్కకి.
నాలుగువేల చుక్కల దాకా లెక్కపెట్టి మానేశాను.

పైలట్ అద్దానికి అచ్చు కావాలి.
గొల్లపల్లిలో వీణలు చెక్కే సూరన్న
పనస ముక్క ఒకటి తీసి, వేలితో కొట్టి,
చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడిచ్చాడు.
నాకు మోగక్కర్లేదన్నా వినలేదు.
గ్యాసు పొయ్యి మీద అద్దం షీటు
మెత్తబడి వేలాడే క్షణం ఒకటే.
ముందైతే చిట్లుతుంది, తర్వాతైతే బుడగలు.
ఏడు పోయాయి. ఎనిమిదోది దిగింది.
ఆ వారమంతా చారు కూడా ప్లాస్టిక్కు వాసనేనని మా ఆవిడ.

రెండేళ్ల మూడు నెలలకి
సాలూరు నుంచి పారమ్మత్త వచ్చింది,
కంటి ఆపరేషను అయిన కొత్త చూపుతో.
విమానం చుట్టూ ఒకసారి తిరిగి, ఫోటో అడిగింది.
వెలుతురుకి పట్టి చాలాసేపు చూసి
నవ్వడం మొదలుపెట్టింది.
"ఓలమ్మో, మా అయ్య మునికాళ్ల మీదున్నాడ్రా!
ఆ పిక్క సూడు, నిమ్మకాయలాగ ఎలా బిగిసిపోనాదో.
ఫొటో అంటే సాలు, మడమలు లెగిసిపోయేవి,
పొట్టోడని ఎవుడైనా అంటాడేటోనని.
నా పెళ్లి ఫొటోలోనూ అంతే."

మడమ లేస్తే మూడంగుళాలు.
రాత్రి కూర్చుని లెక్క వేశాను.
రెక్కలు రెండున్నర అంగుళాలు తక్కువ.
చక్రం తక్కువ, తోక తక్కువ, పనసచెక్క మీద దిగిన అద్దం తక్కువ,
నాలుగువేల చుక్కలూ
బస్సులో జనంలా దగ్గరకి జరిగి కూర్చున్నాయి.
కత్తి చేతిలోకి తీసుకున్నాను కూడా.
జిగురు సంగతి ముందే చెప్పాను కదా.

మిగిలిన షీటుతో తాతని చేశాను.
ఎనిమిదంగుళాలు, కాగితంలో ఎంతో అంతే.
పంచె ఎగ్గట్టి, పిక్కలు వదులుగా.
ప్రొపెల్లరు పక్కన నిలబెడితే
ఫోటోలో తల ఎక్కడి దాకా వచ్చిందో
సరిగ్గా అక్కడికే వచ్చింది,
మడమలు రెండూ నేల మీద ఉండగానే.

దొరకి షీటు మిగల్లేదు.