పసుపు కార్డు

స్వాన్సీలో మందుల షాపు పైన చిన్న గది.
కిటికీకి అవతల ఆటుకి వెనక్కిపోయిన సముద్రం,
ఇవతల సెరిస్ అనే నర్సు,
ఆమె ఒళ్ళో నా ప్రయాణం, నాలుగు కాగితాలుగా.

"మిస్ పాంగి, ఘనాలో ఎన్ని వారాలు?"
ఎనిమిది.
"పట్నంలోనా, పల్లెల్లోనా?"
టమాలే దాటి, పల్లెల్లో.
బోరు నీళ్ళలో ఫ్లోరైడు కొలవాలి.
బోర్లు పట్నంలో ఉంటే నన్నెందుకు పంపుతారు, అనలేదు.

పటం నా వైపు తిప్పింది.
దోమల దేశాలన్నీ ఇటుకరంగు.
ఘనా ఒళ్ళంతా ఇటుకరంగే.
నా కన్ను దానంతటదే తూర్పుకి జారి
బంగాళాఖాతం ఒడ్డున ఆగింది.
పాడేరు కొండలకీ
అదే రంగు పూసి ఉంచారు.

"ఇంతకు ముందు మలేరియా వచ్చిందా?"
వచ్చింది.
"ఎన్నిసార్లు?"
మేం లెక్కపెట్టం సెరిస్,
వానలు ఎన్నిసార్లొచ్చాయో లెక్కపెడతామా?

తొమ్మిదో ఏట, ఆశ్రమ పాఠశాలలో
మూడు దుప్పట్ల కింద
ఖాళీ తిరగలి తిప్పినట్టు నా పళ్ళు.
వార్డెన్ చిన్నాలమ్మ ప్రతి శనివారం
వరసలో నిలబెట్టి చేదుమాత్ర వేసేది.
నాలుక కింద దాచుకెళ్ళి
వెనకాల చిక్కుడుపాదులో ఉమ్మేసేవాళ్ళం.
ఆ ఏడు చిక్కుళ్ళకి జ్వరం రాలేదు.

సెరిస్ నవ్వలేదు. టైపు చేసుకుంది.
తర్వాత చదివింది, అలవాటైన గొంతుతో:
కుళాయి నీళ్ళు వద్దు. ఐసు వద్దు.
కోసిపెట్టిన పండు వద్దు.
చెరువులో దిగొద్దు.
వీధికుక్కని ముట్టుకోవద్దు.
చీకటి పడ్డాక జీపెక్కొద్దు, అందులోనూ వెనక నిలబడి.
నేను తలాడిస్తూనే ఉన్నాను.
ఆమె చదువుతున్నది
నా చిన్నతనం.

బీమా కాగితంలో ఒక గడి:
మరణిస్తే ఏ దేశానికి పంపాలి?
పెన్ను కాసేపు ఆగింది.
చదువు ఇక్కడ, పని అక్కడ.
చివరికి ఊరు, మండలం, పిన్‌కోడుతో సహా రాశాను,
గడి దాటి అంచులోకి పోయినా.

స్వెటర్ చెయ్యి పైకి లాగితే
ఎడమ భుజం మీద పాత మచ్చ.
"బీసీజీ," అంది, వేలితో తడిమి.
కార్డులు, కాగితాలు వరదలో పోయాక
నా దగ్గర మిగిలిన ఆరోగ్య రికార్డు అదొక్కటే.
దాని పక్కనే సూది దించింది.

చేతిలో పసుపు కార్డు పెట్టింది.
"పదిరోజుల తర్వాత అమల్లోకొస్తుంది,
ఆపైన జన్మంతా.
పోగొట్టుకోకు. ఇది లేకుండా అక్కణ్ణించి నేరుగా ఇంటికెళ్తే
మీ దేశమే నిన్ను ఆరు రోజులు విడిగా ఉంచొచ్చు."
పసుపు రాసిన కాగితం అంటే
పెళ్ళికి పిలుపని తెలుసు.
ఇంటి గడప దాటడానికి అనుమతి అని
ఇవాళే తెలిసింది.

ల్యాబ్‌లో వుంపిని నా సామాను చూశాడు:
దోమతెర, ఓ‌ఆర్‌ఎస్, బ్యాండేజీ,
నీళ్ళు శుద్ధిచేసే బిళ్ళలు, రెండు డబ్బాలు.
"అన్నీ మంచివే," అన్నాడు.
"పెదాలకి వెన్న మర్చిపోయావు,
మా హార్మటాన్ గాలి పెదాల్నే ముందు తింటుంది.
ఇంకోటి. పొద్దున్నే మా అత్తని పలకరించకుండా
ఆమె బోరు దగ్గర సీసా ముంచావనుకో,
ఏ టీకా కాపాడదు.
'దసిబా' అనాలి."
ఆమె ఏమంటుంది?
"నా."
మళ్ళీ అను, అన్నాను.
"నా."
ఇంట్లో కువి, ఇక్కడ ఇంగ్లీషు,
మధ్యలో బడిలో నేర్చుకున్న తెలుగు ఒకటుంది,
అందులో ఆ మాటకి అర్థం చెప్పాను.
వాడు చాలాసేపు నవ్వాడు.

బయల్దేరడానికి ఇంకా రెండు రోజులు.
రాత్రి అన్నం తిన్నాక మొదటి మాత్ర.
ఒక్కోటి రెండు పౌండ్ల పైచిలుకు.
చిన్నాలమ్మా, ఇదిగో, నోరు తెరుస్తున్నాను,
నాలుక ఎత్తి చూపిస్తున్నాను,
కింద ఏమీ లేదు.