తడి లెక్క

మొదటిరోజు మ్వనాజుమా మా ఇంటికొచ్చి
గోడను నాలుకతో రుచి చూసింది.
అమ్మ నావైపు చూసింది.
నేను నిచ్చెన వైపు చూశాను.
"ఉప్పు" అంది ఆవిడ, పుస్తకంలో రాసుకుంటూ.
"నేల నుంచి మూడు జానల ఎత్తు. సముద్రం వైపు."

జాంజిబార్ రాతిపట్నంలో మా సందు ఎంత ఇరుకంటే
తోపుడుబండి ఎదురొస్తే ఎవరి గడపో ఎక్కి నిలబడాలి.
గోడలు పగడపురాయి.
పైన మడచెట్టు దూలాలు.
గదులన్నీ తొమ్మిదడుగుల వెడల్పే,
లవంగాల షావుకారుదైనా, చేపలమ్మే నాదైనా.
"మడచెట్టు అంతకుమించి నిటారుగా పెరగదు" అంది ఆవిడ.
ముప్పై నాలుగేళ్ళు ఆ దూలాల కింద పడుకున్నాను.
నా నిద్ర వెడల్పు ఒక చెట్టు ఎత్తని
ఎవరూ చెప్పలేదు.

ప్రతి మంగళవారం వచ్చేది,
రెండు సూదులున్న చిన్న పెట్టెతో.
పిల్లలు గోడల డాక్టరమ్మ అన్నారు.
పక్కింటివాళ్ళు కాకిలెక్కలన్నారు.
పెద్ద చీలిక మీద గాజుపలక అంటించి
"ఇది పగిలితే గోడ కదిలినట్టు" అని వెళ్ళిపోయింది.
మసీకా వానల్లో ఒక అర్ధరాత్రి
టిక్‌మంది.
అంతే. బల్లి పలికిందనుకున్నాం.

పదకొండు నెలలయ్యాక ఫుందీ కొంబోను పిలిపించింది.
డెబ్బై దాటిన తాపీమేస్త్రి, చదువు రాదు,
అంకెలు ఆవిడే చదివి వినిపించింది:
సిమెంటు పూసినచోట ముప్పై ఒకటి.
పాత సున్నం మిగిలినచోట తొమ్మిది.
కాఫీ చల్లారేదాకా ఆయన మాట్లాడలేదు.

"ఆ సిమెంటు పూసింది నేనే" అన్నాడు.
"బస్తాలు ఉచితంగా ఇచ్చారు.
గట్టిదంతా మంచిదనుకునే వయసు నాది.
గోడకి చెవులుంటాయని విన్నాను గానీ
ముక్కుంటుందని, దాన్ని నేనే మూశానని..."
ఆవిడ అతణ్ణి ఏమీ అనలేదు.
పుస్తకంలో కొత్త పేజీ తిప్పి
"సున్నం ఎన్నాళ్ళు నానబెట్టేవాళ్ళు?" అని అడిగింది.

ఆరు నెలలట.
అమ్మ మంచం వంటింట్లోకి మారింది.
ఉలి దెబ్బకి సిమెంటు పెచ్చులుగా రాలుతుంటే
లోపలి రాయి తడిసిన కుక్కలా వాసన వేసింది.
వారానికి గోడంతా తెల్లటి నూగు,
ఏళ్ళనాటి ఉప్పు బయటికొచ్చి కూర్చుంది.

అప్పుడు ఇంకో చిక్కు.
సున్నం కావాలంటే పగడం కాలాలి.
పగడం కాలాలంటే కట్టెలు కావాలి.
మా గోడ ఆరడానికి
ఏ తీరం బోడిగుండు కావాలి?
రెండు నెలలు ఆవిడ కనబడలేదు.
చ్వాకా ఖాతంలో, మోకాలి లోతు బురదలో,
నరికిన మొదళ్ళు లెక్కపెడుతోందన్నారు,
కొత్త మొలకకల్లా పసుపు రిబ్బను కడుతోందన్నారు.
తిరిగొచ్చాక "కూలిన ఇళ్ళ రాయి వాడదాం,
కొబ్బరి డొక్కలతో కాల్చి చూద్దాం,
కుదురుతుందేమో" అంది.
ఏమో అన్న మాటని
అంత ధీమాగా పలికేవాళ్ళని నేను చూడలేదు.

మొదటి బట్టీ కుదరలేదు.
రెండోదీ అంతంతమాత్రమే.

ఆ పుస్తకం ఒకసారి పట్నం ఆఫీసుకి వెళ్ళింది.
లోపల ఏం జరిగిందో నాకు తెలియదు,
నేను బయట నిచ్చెన పట్టుకుని కూర్చున్నాను.
ఆ ఏడు మా వీధికి రావాల్సిన సిమెంటు లారీ
రాలేదు, అంతవరకే తెలుసు.

ఈసారి వానకి గోడ సాయంత్రం నల్లబడింది.
మర్నాడు మధ్యాహ్నానికి తేలిపోయింది.
సూదులు పదకొండన్నాయి.
తొమ్మిది కాలేదింకా.
మ్వనాజుమా వేరే ఇళ్ళు చూస్తోంది,
మా వంతు ఇప్పుడు నెలకొక్కసారే.

నిన్న నేను చేపలబుట్టతో వచ్చేసరికి
అమ్మ గోడ దగ్గర వంగి ఉంది,
నేల నుంచి మూడు జానల ఎత్తున,
సముద్రం వైపు.
నన్ను చూసి నాలుక లోపలికి లాక్కుంది.
"కొంచెం ఉంది" అంది.
"ఆ పిల్లకి చెప్పు. రాసుకోమను."