పగటి మంట

నెల్లిమర్ల దాటాక, చంపావతి గట్టుకి ఇవతల
కోత ముగిసిన మడిలో
వరికొయ్యలు చెప్పుల్ని పొడుచుకొచ్చే చోట
ఆదివారం ఆదివారం మా విమానం లేచేది.

రెండు మూరల రెక్క, అగ్గిపెట్టెంత ఇంజను.
దాని పొగలో ఆముదం వాసన,
అమ్మ ముక్కు మూసి తాగించిన ఆముదమే,
అక్కడ మాత్రం ఎంత పీల్చినా చాలేది కాదు.

రొంగలి సూరప్పడు మేస్త్రి, జనపనార మిల్లులో ఫిట్టరు,
మాకు గురువు.
కుడిచేతి చూపుడువేలు ఒక కణుపు తక్కువ.
కొత్తగా వచ్చిన ప్రతి గుంటడి చేతా
ఆ మొండికొనని ముట్టించేవాడు.
"ఇది ఏటి తిన్నాదో తెలుసా? పంకా.
తిరిగినప్పుడు కనపడదు గదా,
నేదనుకున్నాను."

వేలితో తిప్పకు, కర్రముక్కతో తిప్పు.
పక్కన నిల్చోకు, ముక్క విరిగితే పక్కకే వస్తాది.
ఎనక్కి రా, ఎనకనుంచి సూది సవరించు.
కరెంటు తీగలున్న వైపు తల కూడా తిప్పకు.
తన బీడీకట్ట మాత్రం
గట్టు మీద చెప్పుల పక్కన విడిచొచ్చేవాడు
గుళ్లోకి వస్తున్నట్టు.

మంట గురించీ చెప్పాడు.
నేను వినలేదు.
పదిహేనేళ్లు నాకు. మంటంటే ఎర్రగా ఉంటుందని
గట్టిగా తెలిసిన వయసు.

మార్చి నెల, పన్నెండు కొట్టుంటుంది.
తవిటినాయుడు సీసా వంచాడు. గరాటు మరిచిపోయాం.
టాంకు నిండి, పొంగి
వాడి పాలిస్టర్ చొక్కా చేతి మీద కారింది.
ఆరనిస్తే ఆరిపోయేది.
బ్యాటరీ క్లిప్పు ప్లగ్గుకి తగిలించబోయాడు.
చిటుక్.

వాడు గెంతాడు.
చెయ్యి విదిలించాడు, కీచుమన్నాడు, గిర్రున తిరిగాడు.
పొగ లేదు. ఎరుపు లేదు.
ఉన్న కాస్త నీలమూ ఎండలో కరిగిపోయింది.
"కందిరీగ కుట్టిందిరా" అన్నాడెవడో.
నేను నవ్వాను.

నాలుగు సెకన్లు నవ్వుంటాను, మహా అయితే అయిదు.
ఆ అయిదింట్లో చొక్కా చెయ్యి
తనంతట తానే నల్లబడి, ముడుచుకుని
చర్మానికి అతుక్కుంటూ పోయింది.
వాడి వెనక, దూరంగా, తాటిచెట్టు
నీళ్లలో ఉన్నట్టు ఊగింది.

గాలి లేనప్పుడు తాటిచెట్టు ఊగడం చూసి
సూరప్పడు పరిగెత్తాడు.
మిల్లు నుంచి తెచ్చిన గోనె,
ప్రతివారం ఆయన బక్కెట్లో నానబెట్టే గోనె,
ప్రతివారం మేం వెక్కిరించిన గోనె
వాడికి చుట్టి, వాణ్ని కింద పడేసి
తనూ మీద పడ్డాడు.

విజయనగరం పెద్దాసుపత్రిలో పంతొమ్మిది రోజులు.

తవిటినాయుడికిప్పుడు చీపురుపల్లిలో ఎరువుల కొట్టు.
మణికట్టు నుంచి మోచేతి దాకా
ఎండిన చింతపండు లాంటి చర్మం.
రోహిణి కార్తెలోనూ నిండు చేతుల చొక్కా.
ఆ రోజు నవ్విందెవరో వాడు నన్నెప్పుడూ అడగలేదు.
అడగడేమోనని వెళ్తాను,
అడిగితే బాగుండునని వచ్చేస్తాను.

సూరప్పడు పోయాక
పిల్లలకి నేనే నేర్పుతున్నాను.
మొదటివారం ఎవర్నీ విమానం ముట్టుకోనివ్వను.
మిట్టమధ్యాహ్నం, స్టీలు పళ్లెంలో
నూనె కలపని మిథనాల్ ఒక చెంచా పోసి
అగ్గిపుల్ల చూపించి, అందర్నీ వెనక్కి జరిపి అడుగుతాను,
"కాలుతోందా?"
పళ్లెం మెరుస్తూ ఉంటుంది ఖాళీగా.
"నేదు సార్!"
అందరిదీ ఒకటే గొంతు.

అప్పుడు పట్టకారుతో
ఒక గోగునార పోగు పళ్లెం మీదికి దించుతాను.
పోగు తల వంచుతుంది, మెలి తిరుగుతుంది,
నల్లటి పొడిగా రాలుతుంది.

కిందటి ఆదివారం వెనక వరసలో
గున్నమ్మ అనే పిల్ల
నవ్వబోయి, ఆగి
బక్కెట్టు ఎక్కడుందో
తల తిప్పి చూసుకుంది.