ముల్లుకు గాలి చాలదు

గురువారం సంతలో నూట ఎనభైకి బేరమాడి
చారల దుప్పట్లో కట్టి
చంటిబిడ్డను మోసినట్టు వీపున మోసుకొచ్చింది
ఫెర్మినా తికోనా.
"బతికుందో లేదో చూడు" అంది
ముడి విప్పుతూ.

ఎల్ ఆల్తోలో, పొద్దు వాలకముందే
నీడకు పళ్ళు మొలిచే నెల.
షాపు రేకు తలుపు సగం దించి
బల్ల మీద గుడ్డ పరిచాను.

నేను స్క్రూడ్రైవర్ వెతికేలోగా
ఆమె వాసన చూసింది,
ఎండు బంగాళాదుంపల మూట కొనేముందు చూసే తీరున,
కళ్ళు మూసుకుని, వెనక జాలీకి ముక్కు ఆనించి.
"కాలలేదు" అంది.
నిజమే.
ఒక్క కెపాసిటరూ ఉబ్బలేదు.

పైనే లొటారం:
పక్క రేకుకు సొట్ట, ముందు మూత లేదు,
ఏదో నోటరీ ఆఫీసు స్టిక్కర్ గీకి వదిలేసిన జిగురు.
పటారమంతా లోపల, దుమ్ము తీశాక.
దుమ్మంటే మామూలు దుమ్మా!
ఫ్యాను రెక్కల మధ్య ఉన్ని టోపీ మందాన,
ఒక పిల్లి వెంట్రుక, రెండు స్టేపుల్ పిన్నులు,
యాభై సెంటావోల నాణెం.
నాణెం ఆమెకిచ్చాను.
"అయితే నూట డెబ్భై తొమ్మిదిన్నర"
అని లెక్క సరిచేసుకుంది.

ప్రాసెసర్ మీద పేస్టు పెచ్చులూడిన సున్నం.
స్పిరిట్‌తో తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెట్టాను.
ఒంటరి రెండు జీబీ ర్యామ్ పీకి
నాలుగేసివి రెండు దూర్చాను.
టక్కుమంటే తలూపింది,
మగ్గం మీద పోగు కుదిరినప్పుడూ అదే చప్పుడట.
"ఫ్యాను పెద్దది వెయ్యాలి,
ఇక్కడి గాలి పల్చన, వేడిని మోయలేదు."
"మనుషుల్నే మోయలేదు" అంది ఫెర్మినా.

మీట నొక్కాను.
ఒక బీప్.
ఇద్దరం ఊపిరి వదిలాం.
తెర మీద రెండు వేల తొమ్మిది, జనవరి ఒకటి.
గుండీ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది,
లేచిన ప్రతిసారీ దానికి అదే కొత్త సంవత్సరం.
మూడు బొలివియానోల బిళ్ళ ఒకటి పెట్టి
ఈ రోజుకు తీసుకొచ్చాను.

హార్డ్ డిస్కు మాత్రం
టిక్. టిక్.
ఆగి,
టిక్.

"లోపల పళ్ళెం తిరుగుతుంటే
ముల్లు దాన్ని తాకకూడదు,
గాలి పరుపు మీద తేలాలి.
మూడు వేల మీటర్ల దాకానే భరోసా అని దాని కాగితంలో రాసుంటుంది.
మనం ఇంకో వెయ్యి ఎక్కి కూర్చున్నాం.
గాలి చాలక ముల్లు కిందికి జారుతుంది.
గీరుతుంది."

ముల్లూ పళ్ళెమూ లేని కొత్తది బిగించాను,
అరచేతి బిళ్ళ, నోరు లేనిది.
పన్నెండు సెకన్లలో తెర వెలిగింది.
ఆమె పెన్‌డ్రైవ్‌లోని తేనెపిట్ట,
శాలువా అంచుకు కుట్టాల్సింది,
రంగురంగుల చుక్కలుగా వచ్చి వాలింది.
ఒక రెక్కలో నీలం తప్పుందని వెంటనే పట్టేసింది.

పాత డిస్కును బుట్టలో వేయబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
"ఎవరివో కాగితాలుంటాయి అందులో."
"నోటరీవి. ఇళ్ళ పత్రాలు, వీలునామాలు.
మనవి కావుగా?"
"కావు."
దుప్పటి మడత పెడుతూ, నా వైపు చూడకుండా:
"మా అత్తకి గుండె బరువెక్కితే
డాక్టరు మందు రాయలేదు, కిందికి దింపమన్నాడు.
ఆరేళ్ళయింది. యుంగాస్ లోయలో
నారింజలమ్ముతోంది, ఎదురు తిట్లు కూడా తిడుతోంది."

పెట్టెను వీపున కట్టుకుని
డిస్కును చేతిరుమాల్లో చుట్టి టోపీలో పెట్టుకుంది.
శనివారం మినీబస్సు ఎక్కిస్తుందట.
లోయలో అత్త పక్కింటి కుర్రాడి దగ్గర కంప్యూటరుంది.

నేను నవ్వలేదు.
దిగితే పలుకుతుందో లేదో నాకూ తెలీదు.
గీత పడితే ఎక్కడికి దిగినా గీతే.

ఆమె వెళ్ళాక
వెనక గదిలోంచి అట్టపెట్టె లాగాను.
ముప్పై ఒక్క డిస్కులు.
పైన నా చేత్తోనే రాశాను, పెద్దక్షరాల్లో:
చచ్చినవి.
పెన్ను మూత తీసి
ఆ మాట ముందు
చాలాసేపు కూర్చున్నాను.