పదిహేడో నంబరు

టొలీడోలో ఫిబ్రవరి. మామీ నది గడ్డకట్టి
దాని నడిమధ్య ఎవరో పారేసిన కుర్చీ ఒకటి
వారం రోజులుగా కూర్చునే ఉంది.
నా కారులో ఎర్రటి బ్యాటరీ బొమ్మ
మూడు రోజులు మిణుకుమంది.
నాలుగో రోజు అదీ లేదు.

విడిభాగాల కొట్లో నోవిట్స్కీ
రెండు ఆల్టర్నేటర్లు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.
కొత్తది మూడువందల పన్నెండు.
బాగుచేసి మళ్ళీ బిగించినది నూట అరవై ఎనిమిది,
పైన నలభై ఐదు ధరావతు.
పాతది తెచ్చిస్తే వెనక్కి,
లేకపోతే ఎన్నికల్లోలాగే గల్లంతు.
"కొత్తదే తీసుకో" అన్నాడు నా వెనక ముసలాయన,
ఎవరూ అడక్కుండానే.
కొత్త ఒక వింత, పాత ఒక రోత.
ఆ సామెత ఈ వరసలో కూడా నిలబడి ఉందన్నమాట.

వాళ్ళిద్దరికీ తెలియదు,
పదకొండేళ్ళుగా ఊరి చివరి షెడ్డులో
నా పని ఇదేనని.

చచ్చినవి ఇనప తొట్లలో వస్తాయి,
రోడ్ల మీద చల్లిన ఉప్పు తిని, తుప్పు కక్కుతూ,
ఒకసారి ఎలుక గూడుతో,
ఒకసారి ఎవరిదో చెవిపోగుతో.
విప్పుతాం, కడుగుతాం,
అరిగిన బ్రష్షులు, గరగరలాడే బేరింగులు తీసేస్తాం.
రాగి చుట్ట మంచిదైతే దాని జోలికి పోం.
మా వీధికి కళాయి వేసే సాయిబు వచ్చేవాడు.
నవసాగరం పొగలో కళ్ళు చికిలించి
ఇత్తడి గిన్నెని తిప్పి తిప్పి చూసేవాడు.
కొత్తదైపోయిందని ఏనాడూ అనలేదు.
"ఇంకో ఏడాది పులుసు కాచుకోండమ్మా" అనేవాడు, అంతే.

కానీ నాకు ఇంకోటి కూడా తెలుసు, అదే ఇబ్బంది.
శుక్రవారం మూడు దాటాక బిగించినవి తెలుసు.
లెక్క నిండాలని ఒక్కసారే తిప్పి పంపేసినవి తెలుసు.
పంటినొప్పితో నేనూ పంపాను.
ఎన్నో చెప్పను.

"పెట్టె విప్పు" అన్నాను.
అడుగున, బోల్టు రంధ్రం పక్కన
చిటికెనవేలి గోరంత ముద్ర: 22.
ఇరవై రెండు మంచి కుర్రాడే,
చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేస్తాడు.
"ఇంకోటి చూపించు."
31.
ముప్పై ఒకటి నేనే.
నా నంబరు వంక కాసేపు చూసి
పక్కన పెట్టేశాను.
"పుచ్చకాయలు కావమ్మా ఇవి" అన్నాడు నోవిట్స్కీ,
అయినా నిచ్చెనెక్కి
పై అర వెనక నుంచి దుమ్ముపట్టిన పెట్టె దించాడు.

17.
డెలోరిస్.
ప్రతిదాన్నీ మూడుసార్లు తిప్పేది.
వేడెక్కనిచ్చి, చల్లారనిచ్చి, మళ్ళీ.
కొట్లో కొబ్బరికాయని చెవి దగ్గర ఊపి చూసినట్టు
తల వంచి వినేది.
గంటకి నాలుగు తక్కువ చేస్తోందని
సెప్టెంబరులో పంపించేశారు.
కేకు కూడా కొయ్యలేదు.
ఇప్పుడు ఆ బల్ల ఇరవై రెండుది.

డబ్బు కట్టాను.
కొత్తది కౌంటరు మీద ఇంకా మెరుస్తూనే ఉంది.
దాని మీద ఎవరి నంబరూ లేదు. అది తప్పని కాదు.
చెడిపోతే ఎవర్ని తిట్టుకోవాలో తెలియదు, అంతే.

పార్కింగులో, వేళ్ళు కొంకర్లు పోతుంటే
పాతది ఊడదీసి, ఇది బిగించి,
నలభై ఐదూ వెనక్కి తీసుకున్నాను.
ఏదో ఒక వారం అది మా తొట్టిలోకే వస్తుంది.
గుర్తుకి స్క్రూడ్రైవరుతో ఒక గీత గీద్దామనుకుని
గీయలేదు.

తాళం తిప్పాను. ఎర్రబొమ్మ వెలిగి, ఆరింది.
బానెట్టెత్తి, టోపీ పక్కకి లాగి
చెవి ఒగ్గి విన్నాను చాలాసేపు.
నాకేమీ తేడాగా వినపడలేదు.
డెలోరిస్‌కైతే ఏదో ఒకటి వినపడేది.