పదిహేడో స్తంభం

ముహర్రఖ్‌ల ఎలచ్చన్లంటే
నాకు ముందుగాల నిచ్చెన యాదికొస్తది.
పన్నెండడుగుల అల్యూమినియం నిచ్చెన.
కుడి భుజం మీద దాని ఒరుపు ఇంకా మానలే.

నవంబర్ల, దుకాన్లు మూసినంక,
స్తంభానికో పెద్దమనిషిని కట్టుకుంట పోతం
నేనూ గంగనర్సూ.
తెల్లటి తలగుడ్డ, దువ్విన గడ్డం,
అందరికీ ఒక్క ఫొటో స్టూడియోల కొన్న నవ్వు.
కింద రాసిందేందో సుధీరన్ చదివి చెప్తడు:
మురుగు కాలువ, పార్కింగు, పిల్లలాడే జాగ.
"అరె, మన సర్పంచులే తలగుడ్డ సుట్టుకొని వచ్చిండ్రు"
అని నిచ్చెన కదిలేటట్టు నవ్విండు గంగనర్సు.

అండ్ల ఒక్కతే ఆడామె, బద్రియా.
బడిల లెక్కలు చెప్పి రిటైరైన టీచరంట.
తన బొమ్మ తానే కారుల ఏసుకొని వచ్చింది.
ముక్కలు ముక్కలు హిందీల నన్నడిగింది:
"ఎక్కడ కడితే జనం చూస్తరు?"

పదకొండేండ్లల
పని అయ్యిందా అని కఫీల్ అడిగిండు,
కార్డు ఏదని పోలీసు అడిగిండు,
పైసలెప్పుడని ఇంటిది అడిగింది.
నీకేం తెలుసని అడిగినోళ్లు లేకుండె.

చెప్పిన.
రౌండబౌట్ కాడ వద్దు మేడం, ఆడ అందరికీ ఉరుకులాటే.
రొట్టెల బట్టీ ముంగట కట్టాలె,
పొద్దుగాల లైన్ల నిలబడ్డోనికి
చూడనీకి ఇంకోటి ఉండది.
సముద్రం దిక్కు కడితే గాలి మొఖం చింపుతది.
ఇగ పదిహేడో స్తంభానికైతే కట్టనే వద్దు.
ఆ లైటు ఎండకాలం సంది చచ్చి ఉన్నది.
దాని కింద మురుగు పొంగుతది.
ఒక ముసలామె రోజూ చీకట్ల
గోడ తడుముకుంట బిడ్డింటికి పోతది.

ఆమె అరచేతిల రాసుకుంది.
కాగితం లేక కాదు, కారు నిండ కాగితాలే.

గుడారంల మీటింగు. కుర్చీలు ఏసింది మేమే.
నాకొచ్చిన అరబ్బీ పిడికెడు:
రేపు, జల్ది, పైసల్లేవు, ఇంకా అంకెలు.
ఆమె మాట్లాడుతున్నది, నాకది గాలి చప్పుడు.
నడుమల ఒక్క మాట,
"సబాతాష్."
పదిహేడు.
నా చేతిల చాయ్ కప్పు ఆగింది.
ముందు వరుసల ఒక తాత కట్టెతోని నేలను కొట్టిండు,
ఔను, ఔను అన్నట్టు.
నా స్తంభం మైకుల నుంచి బయటికొచ్చి
అందరి మీదికెళ్లి నడిచింది.

శనివారం బడి గేటు బయట
పికప్పు వెనుక కూసున్నం, బల్లలు మళ్ల సర్దనీకి.
ఊళ్లె లిస్టుల నా పేరు కొట్టేసిండ్రట,
మనిషి జాడ లేడని.
ఆడ లేను. ఈడ కాను.
గంగనర్సు పల్లీలు ఒలుస్తున్నడు.
లోపలికి పోయేటోళ్లను లెక్కపెట్టిన,
ఎవరు ఎటు ఏస్తరో నడకను బట్టి చెప్పేటట్టు.
మూడు వందలు దాటినంక లెక్క తప్పింది.

నలభై మూడు ఓట్లతోని ఓడింది.

కట్టనీకి బొమ్మకు రెండు వందల ఫిల్సులు,
ఇప్పనీకి వంద.
గెలిచినోనివైనా ఓడినోనివైనా అదే రేటు.
రొట్టెల బట్టీ కాడ ఆమె బొమ్మ ఇప్పుతుంటే
రొట్టెలు కాల్చే ఇరానీ
అడగకనే వేడి రొట్టె చేతిల పెట్టిండు.
ఎందుకో ఆయనా చెప్పలే, నేనూ అడగలే.

జనవరిల ఒకనాడు డ్యూటీ దిగి వస్తుంటే
పదిహేడుకు నిచ్చెన ఆనించి ఉన్నది.
నాది కాదు. మున్సిపాలిటీది.
ఎవరు కాగితం పెట్టిండ్రో,
గెలిచినాయనో, ఓడినామెనో, ఆ కట్టె తాతనో.

రాత్రికి లైటు ఎలిగింది.
ఆ ఎలుగుల మురుగు ఇప్పుడు
మంచిగ, ఒడ్డుకెళ్లి ఒడ్డుదాక కనబడ్తున్నది.
ముసలామె గోడ ఇడిసిపెట్టి
కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని
పక్కకెళ్లి దాటిపోయింది.